ఒక కనుబొమ్మ పైకి, ఒకటి కిందికి: బొటాక్స్ తర్వాత ఏం జరుగుతుంది, ఏది సరిచేయొచ్చు

ముడతలు పోగొట్టే బొటాక్స్ ఇంజెక్షన్ చేయించుకున్న వారం పది రోజులకు అద్దంలో చూసుకుంటే నుదురు నున్నగా ఉంటుంది. అడ్డగీతలు పోయి ఉంటాయి. కానీ ఒక కనుబొమ్మ బయటి కొస మాత్రం పైకి లేచి, ‘ఏంటి సంగతి?’ అని ఎవరినో నిలదీస్తున్నట్టు కనిపిస్తుంది. కొందరికి ఇంకోలా అవుతుంది. ఒక వైపు కనుబొమ్మ దిగిపోయి, ఆ కన్ను చిన్నదైనట్టు, నిద్ర చాలనట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్లు గమనించి అడిగేలోపే టెన్షన్ మొదలవుతుంది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ‘రెండు వారాలు ఆగండి’ అంటారు. తప్పించుకోవడానికి అంటున్నారా, నిజంగానే ఆగాలా అని అనుమానం.

నిజంగానే ఆగాలి. పైకి లేచిన కనుబొమ్మను దించడం చాలావరకు తేలిక. దిగిపోయిన కనుబొమ్మను లేపడం కష్టం, కొన్నిసార్లు అసలు కుదరదు. రెండూ ‘వంకర’గానే కనిపిస్తాయి కాబట్టి రెండింటికీ ఒకే మందు ఉంటుందనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

పైకి లాగేది ఒక్కటే

కనుబొమ్మ ఎముక మీద కదలకుండా కూర్చున్నది కాదు. చర్మంతో పాటు పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. పైకి లాగే కండరం ఒక్కటే. నుదురంతా నిలువుగా పరుచుకున్న ఫ్రంటాలిస్. దాని పై కొస నడినెత్తి మీదుండే పొరలో కలుస్తుంది, కింది కొస కనుబొమ్మ దగ్గరి చర్మంలోకి దిగుతుంది. ఆశ్చర్యపోయినప్పుడు నుదుటి మీద అడ్డగీతలు పడేది ఇది ముడుచుకోవడం వల్లే.

కిందికి లాగేవి మాత్రం చాలానే ఉన్నాయి. బొట్టు పెట్టుకునే చోట ప్రొసీరస్ అనే కండరం. దానికి రెండు పక్కలా, కనుబొమ్మల లోపలి కొసల కింద కొరుగేటర్లు. కోపంతో బొమలు ముడిస్తే మధ్యలో పడే నిలువు గీతలు వీటివే. ఇక కంటి చుట్టూ గుండ్రంగా ఉండే ఆర్బిక్యులారిస్. కన్ను మూయించేది అదే, కనుబొమ్మ బయటి కొసను కిందికి లాగేదీ దాని బయటి భాగమే.

ఈ రెండు పక్షాలూ రోజంతా తాడు లాగుడు పందెం ఆడుతూనే ఉంటాయి. తాడు మధ్యలో కట్టిన గుడ్డముక్క ఎక్కడ నిలిస్తే అదే మన కనుబొమ్మ ఉండే ఎత్తు. బొటాక్స్ ఇంజెక్షన్ చేసే పని ఏదో ఒక పక్షంలో కొందరిని కొన్నాళ్లపాటు కూర్చోబెట్టడం.

బొటాక్స్ బ్రాండ్ పేరు. మందు పేరు బొటులినమ్ టాక్సిన్ టైప్ ఏ. ఇది నరం కొసలోకి చేరి స్నాప్-25 అనే ప్రొటీన్‌ను తెంచేస్తుంది. ఆ ప్రొటీన్ లేకపోతే నరం నుంచి అసిటైల్‌కోలిన్ బయటికి రాదు, కండరానికి ‘ముడుచుకో’ అనే కబురు అందదు. ప్రభావం సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలవుతుంది, రెండు వారాలకు పూర్తిస్థాయికి వస్తుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఇక్కడ ఒక్క మాట మరిచిపోకూడదు. ఈ మందు కండరం బలాన్ని తగ్గించగలదు, పెంచలేదు. కాబట్టి ‘సవరణ’ అన్నప్పుడల్లా దానర్థం ఇంకెక్కడో ఇంకో కండరాన్ని కాస్త బలహీనం చేయడం. పైకి లాగే బలం మిగిలి ఉంటే దాన్ని తగ్గించవచ్చు. పైకి లాగే బలమే పోతే, తెచ్చిపెట్టే ఇంజెక్షన్ లేదు.

నిజానికి ఈ మందు అందం కోసం పుట్టలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని వాడటం మొదలుపెట్టారు. 1989 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటి అనుమతి ఇచ్చింది కూడా మెల్లకన్నుకూ, కనురెప్పలు అదుపు లేకుండా కొట్టుకునే జబ్బుకూ. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారదర్స్ అనే కంటి డాక్టరు దగ్గర ఆ రెప్పల జబ్బుకి ఇంజెక్షన్ తీసుకుంటున్న ఒకామె, బొమల మధ్య గీతలు పోయినట్టు గమనించారు. జీన్ భర్త ఆలస్టెయిర్ చర్మ వైద్యులు. ఇద్దరూ కలిసి పరిశీలించి 1992లో ఆ సంగతి ప్రచురించారు. బొమల మధ్య గీతలకు ఎఫ్‌డీఏ అనుమతి 2002లో, నుదుటి అడ్డగీతలకు 2017లో వచ్చింది.

ఆ 2017 అనుమతిలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. నుదుటి గీతలకు చేసేటప్పుడు బొమల మధ్య కూడా కలిపే చేయమని బొటాక్స్ లేబుల్, అంటే మందుతో వచ్చే అధికారిక సూచనల పత్రం, చెబుతుంది. రెండుచోట్లా చెరి 20 యూనిట్లు, మొత్తం 40. నుదురు ఒక్కదానికే చేస్తే పైకి లాగే కండరం కూర్చుంటుంది, కిందికి లాగేవి యథాబలంతో ఉంటాయి, కనుబొమ్మ దిగుతుంది. ‘నాకు బొమల మధ్య గీతల్లేవు, నుదుటికి మాత్రం చేయండి, ఖర్చు కలిసొస్తుంది’ అని అడిగేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి.

వంకరల్లో రకాలు

ఎక్కువగా కనిపించేది బయటి కొస లేచిపోవడం. డాక్టర్లు దీన్ని స్పాక్ బ్రో అంటారు, పాత అమెరికన్ టీవీ సీరియల్లో కనుబొమ్మలు పైకి తిరిగి ఉండే ఒక పాత్ర పేరు మీద. ఇది రావడానికి కారణం సూటిగానే ఉంటుంది. నుదుటి మధ్య భాగానికి మందు పడింది, కణతల వైపు ఉన్న పోగులకు పడలేదు. మధ్యలో కదలిక లేదు, పక్కన మాత్రం బలంగా లాగుతోంది. నుదురు ఎత్తమంటే కనుబొమ్మ బయటి సగం మీద మాత్రమే విల్లులాగా గీతలు పడతాయి. ఫ్రంటాలిస్ కొందరిలో కణత దగ్గరే ఆగిపోతుంది, కొందరిలో ఇంకాస్త పక్కకు పోతుంది. కొందరిలో నుదుటి మధ్యలో అసలు కండరమే పల్చగా ఉంటుంది. అందరికీ అవే ఐదు చుక్కలు పెట్టి పొడిస్తే ఎవరో ఒకరికి ఇలా తేలడం సహజం. రెండు వైపులా లేస్తే ‘కొత్తగా ఉంది’ అని సరిపెట్టుకుంటారు గానీ ఒక వైపే లేస్తే బయటికి వెళ్లబుద్ధి కాదు.

రెండోది కనుబొమ్మ మొత్తంగా దిగడం. నుదుటికి మోతాదు ఎక్కువైనా, సూది కనుబొమ్మకు మరీ దగ్గరగా పడినా ఇలా అవుతుంది. మొహం బరువెక్కినట్టుంటుంది. కనుబొమ్మ కింద చర్మం మడతపడి రెప్ప మీదికి వాలుతుంది. ఆడవాళ్లు ‘ఐలైనర్ వేసుకోవడానికి చోటే లేదు’ అంటారు.

మూడోది కనుబొమ్మది కాదు, కనురెప్పది. బొమల దగ్గర వేసిన మందు కంటిగూడు పైఅంచు దాటి లోపలికి పాకితే, రెప్పను ఎత్తే లెవేటర్ అనే కండరం బలహీనపడుతుంది. రెప్ప సగం మూసుకుంటుంది. అప్పుడు చూపుకి అడ్డం రాకుండా ఆ వైపు కనుబొమ్మను మనకు తెలియకుండానే పైకెత్తుతాం. పైనుంచి చూస్తే ‘కనుబొమ్మ లేచింది’ అనిపిస్తుంది. కారణం మాత్రం కింద ఉంది. ఇది తెలియక ఆ లేచిన కనుబొమ్మను దించడానికి ఇంకో ఇంజెక్షన్ పొడిస్తే, రెప్పను మోస్తున్న ఆ కాస్త ఆసరా కూడా పోతుంది.

దీనికి దగ్గరి చుట్టం లాంటిది ఇంకోటి ఉంది. దాన్ని ముందుగా పట్టుకోగలిగితే చాలా గొడవ తప్పుతుంది. యాభై దాటిన కొందరికి ఒక రెప్ప కొద్దిగా వాలి ఉంటుంది, ఆ సంగతి వాళ్లకే తెలియదు. మెదడు సర్దుబాటు చేస్తుంది. రెండు కళ్ల కండరాలకూ సమానంగా సంకేతాలు పంపుతుందనే సూత్రాన్ని 19వ శతాబ్దంలో ఎవాల్డ్ హేరింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడు. రెప్పల విషయంలోనూ అది వర్తిస్తుంది. వాలిన రెప్పను ఎత్తడానికి మెదడు రెండు వైపులా ఎక్కువ సంకేతం పంపుతుంది, దానికి తోడు నుదుటిని కూడా పనిలో పెడుతుంది. అలాంటివాళ్ల నుదుటి గీతలు ముడతలు కావు, రెప్ప మోస్తున్న కూలీ గుర్తులు. ఆ గీతలు పోగొడితే అప్పటిదాకా దాగి ఉన్న రెప్ప వాలు బయటపడుతుంది. ‘బొటాక్స్ వల్ల నా కన్ను చిన్నదైంది’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇలాంటివే.

ఇంజెక్షన్‌కి ముందే దీన్ని చూసుకునే పద్ధతి తేలిక. కళ్లు మెల్లగా మూసుకుని నుదురు పూర్తిగా వదిలేయాలి. డాక్టరు రెండు కనుబొమ్మలనూ వేళ్లతో కదలకుండా పట్టుకుంటారు. ఇప్పుడు కళ్లు తెరవమంటే, నుదుటి సాయం లేకుండా ఎంత తెరుచుకుంటాయో కనిపిస్తుంది. ఒక రెప్ప కనుపాప మీదికి వాలి ఉంటే నుదుటి జోలికి వెళ్లకపోవడమో, చాలా తక్కువ మోతాదుతో సరిపెట్టడమో మేలు. ఈ పరీక్ష చేయకుండా సూది పట్టుకునే చోటికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పట్టేది అర నిమిషం.

ఇవేవీ కాకుండా, అసలు ముందు నుంచే వంకరగా ఉన్న కనుబొమ్మలు కూడా చాలామందివి. రెండు కనుబొమ్మలూ కొలిచినట్టు సమానంగా ఉన్న మొహం అరుదు. కొందరికి మాట్లాడేటప్పుడు ఒక కనుబొమ్మే లేస్తుంది. ఇది అవలక్షణం కూడా కాదు. నాట్యశాస్త్రం కనుబొమ్మల కదలికలను ఏడు రకాలుగా చెబుతూ, ఒక్క కనుబొమ్మనే లలితంగా ఎత్తడానికి రేచితం అని పేరే పెట్టింది. కూచిపూడి నేర్చుకున్నవాళ్లకు ఇది అభ్యాసంతో వచ్చిన బలం కూడా కావచ్చు. వేదిక మీద అభినయం చేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. బలమైన వైపుకీ బలహీనమైన వైపుకీ ఒకే మోతాదు వేస్తే తేడా తగ్గదు, ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు ఫొటో, తర్వాత మాట

మీది ఏ రకమో తేల్చుకోవడానికి అద్దం ముందు గంటలకొద్దీ నిలబడితే లాభం లేదు. అలా చూస్తే ఎవరి మొహమైనా వంకరగానే కనిపిస్తుంది. సెల్ఫీని కూడా నమ్మొద్దు. దగ్గరనుంచి తీస్తే మొహం ఆకారం మారుతుంది, కొన్ని ఫోన్లలో కుడి ఎడమలు తారుమారవుతాయి. పగటి వెలుతురు వచ్చే కిటికీకి ఎదురుగా కూర్చుని, ఇంకొకరిచేత వెనక కెమెరాతో, కళ్ల ఎత్తులో, నాలుగైదు అడుగుల దూరం నుంచి తీయించుకోండి. మామూలుగా ఒకటి, కనుబొమ్మలు పైకెత్తి ఒకటి, బొమలు ముడిచి ఒకటి, కళ్లు మెల్లగా మూసుకుని ఒకటి.

నాలుగు ఫొటోల్లోనూ తేడా ఒకే మాదిరిగా ఉంటే అది వెంట్రుకల ఆకారమో, ఎముక తీరో కావచ్చు. ఐబ్రోస్ చేయించుకున్నప్పుడు ఒక వైపు కాస్త ఎక్కువ తీసి ఉండవచ్చు. ఎత్తినప్పుడు, ముడిచినప్పుడు తేడా మారుతుంటే కండరాల సంగతి. రెప్పా కనుబొమ్మా అనేది తేల్చడానికి, దిగిన వైపు కనుబొమ్మను వేలితో పాత ఎత్తుకి మెల్లగా లేపి చూడండి. కన్ను మామూలుగా అయిపోతే దిగింది కనుబొమ్మ. కనుబొమ్మ లేపినా రెప్ప అంచు కనుపాప మీదే ఉంటే దిగింది రెప్ప.

అన్నిటికన్నా విలువైనది పాత ఫొటో. ఇంజెక్షన్‌కి ముందు క్లినిక్‌లో తీసినది ఉంటే సరే, లేకపోతే ఆధార్ కోసమో పాస్‌పోర్ట్ కోసమో తీయించుకున్నదైనా పనికొస్తుంది. ఎందుకంటే సవరణలో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే పుడుతుంది. ఉదాహరణకు ఎడమ కనుబొమ్మ ఎత్తుగా, కుడిది కిందగా ఉందనుకుందాం. చూసేవాళ్ల కన్ను ఎత్తుగా ఉన్నదాని మీదే పడుతుంది, ‘దీన్ని దించండి’ అంటారు. పాత ఫొటో తీసి చూస్తే ఎడమది ఎప్పుడూ ఉన్నచోటే ఉంది, కుడిదే దిగింది. ఇప్పుడు ఎడమదాన్ని దించితే రెండూ సమానమవుతాయి, నిజమే, కానీ రెండూ కిందే ఉంటాయి. మొహం మొత్తం అలసిపోయినట్టు మూడు నెలలు కనిపిస్తుంది. అదే పాత ఫొటోలో రెండూ కుడిదాని ఎత్తులోనే ఉండి ఉంటే, ఎడమదాన్ని దించడం సరైన పని. చూడటానికి ఒకే వంకర, చేయాల్సింది పూర్తిగా వేరు.

రెండు వారాలు ఎందుకు

రెండు వైపులా మందు ఒకే వేగంతో పనిచేయదు. ఒక వైపు నాలుగో రోజుకే పట్టేస్తే, రెండో వైపు ఎనిమిదో రోజుకి పట్టవచ్చు. మధ్యలో ఉన్న ఆ రోజుల్లో వంకర కనిపించి, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. ఐదో రోజునే కంగారుపడి ఇంకో మోతాదు వేయించుకుంటే, పాత మోతాదు పూర్తిగా పట్టేసరికి కొత్తది కూడా తోడై అవతలి పక్కకి ఒరుగుతుంది. అందుకే రివ్యూ సాధారణంగా 14వ రోజు పెడతారు. రెప్ప వాలితే మాత్రం రెండు వారాలు ఆగక్కర్లేదు, వెంటనే చూపించుకోవాలి. దానికి చుక్కల మందు ఉంది కాబట్టి.

బయటి కొస లేచిన రకానికి సవరణ చాలా చిన్నది. కనుబొమ్మలు ఎత్తమని చెప్పి, గీత ఎక్కడ బలంగా పడుతుందో చూసి, కనుబొమ్మకు తగినంత పైన, సాధారణంగా రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా, ఒకటి రెండు యూనిట్లు వేస్తారు. అంతే. కొన్ని రోజుల్లో కొస మెల్లగా దిగుతుంది.

ఆ ఒకటి రెండు యూనిట్లు ఎంత చిన్నవో చెబితే గానీ ఇది ఎంత చేతి నైపుణ్యం మీద ఆధారపడిన పనో అర్థం కాదు. 100 యూనిట్ల బొటాక్స్ సీసాలో పొడి ఉంటుంది. లేబుల్ ప్రకారం దాన్ని 2.5 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలుపుతారు. అంటే ఒక యూనిట్ 0.025 మిల్లీలీటరు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కేటప్పుడు పడే చుక్కలో సగం. మన దగ్గర దొరికే ఎర్ర మూత ఇన్సులిన్ సిరంజి, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు గుర్తులున్నది, వాడితే ఈ లెక్క కచ్చితంగా కుదురుతుంది. సిరంజి మీద ఒక యూనిట్ గీత ఒక బొటాక్స్ యూనిట్. 100 గుర్తులున్న సిరంజి తీసుకుంటే మాత్రం అదే ఒక యూనిట్ గీతలో 0.4 యూనిట్ మందే ఉంటుంది. పైగా సీసాలో సెలైన్ ఎక్కువ తక్కువ పోస్తే లెక్కంతా మారుతుంది. కాబట్టి ‘ఎంత మందు వేశారు’ అని అడిగితే ‘రెండు గీతలు’ అనే జవాబు జవాబు కాదు. యూనిట్లలో చెప్పాలి, ఏ బ్రాండో చెప్పాలి. డిస్‌పోర్ట్ అనే ఇంకో బ్రాండ్ యూనిట్, బొటాక్స్ యూనిట్ ఒకటి కావు. బొమల మధ్యకు బొటాక్స్ అయితే 20 యూనిట్లు, డిస్‌పోర్ట్ అయితే 50. ఒక క్లినిక్‌లో ఒక బ్రాండ్ వేయించుకుని సవరణకు ఇంకో చోటికి వెళ్లేవాళ్లు ఈ వివరాలు రాసిన చీటీ లేకుండా వెళితే రెండో డాక్టరు చీకట్లో తడుముకోవాల్సిందే.

ఎక్కువ కావాలన్న ఆశ సవరణలో పనికిరాదు. తక్కువ వేస్తే ఇంకోసారి కాస్త వేయవచ్చు. ఎక్కువైతే, లేచిన కొస దిగి, ఇంకా దిగి, కంటి మీదికి వాలుతుంది. అక్కడి నుంచి వెనక్కి రావడానికి దారి లేదు.

దిగినదాన్ని లేపడం

కనుబొమ్మ దిగినప్పుడు చేయగలిగేది కొంచెమే. పైకి లాగే కండరం ఎలాగూ కూర్చుంది కాబట్టి, కిందికి లాగేవాటినీ కాస్త కూర్చోబెట్టి బరువు తగ్గించవచ్చు. బొమల మధ్య చేయకుండా వదిలేసి ఉంటే అక్కడ, లేదా కనుబొమ్మ బయటి కొస కింద ఆర్బిక్యులారిస్‌లో చిన్న మోతాదు. లాభం ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండొచ్చు. కొందరికి ఆ కాస్తే చాలు, కన్ను తెరిపిన పడుతుంది. కొందరికి తేడా తెలియదు. ఇది కంటికి దగ్గరగా చేసే పని కాబట్టి అనుభవం ఉన్న చేయి తప్పనిసరి, లేకపోతే దిగిన కనుబొమ్మకు వాలిన రెప్ప తోడవుతుంది. ఇవేవీ కుదరకపోతే ఎదురుచూడటమే. మూడు నాలుగు నెలల లెక్క విని భయపడొద్దు. పూర్తిగా పోవడానికి పట్టే కాలం అది. చాలామందిలో బరువు అంతకన్నా ముందే తగ్గుతూ వస్తుంది.

రెప్ప వాలితే చుక్కల మందు సాయం చేస్తుంది. రెప్పలో లెవేటర్ కాకుండా ముల్లర్స్ అనే ఇంకో చిన్న కండరం ఉంది. దాన్ని నడిపించే నరాల దారి వేరు, టాక్సిన్ తడబరిచిన దారి కాదు. అప్రాక్లోనిడిన్ చుక్కలు దాన్ని ముడుచుకునేలా చేసి రెప్పను ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఎత్తుతాయి. కొన్ని గంటలపాటే. అసలు సమస్యను నయం చేయవు, ఆ రోజు గడిపిస్తాయి. ఆక్సిమెటజోలిన్ 0.1 శాతం చుక్కలకు 2020లో అమెరికాలో వాలిన రెప్పకు అనుమతి వచ్చింది. ఆ పేరు చూసి ముక్కు దిబ్బడకు వాడే చుక్కలు కంట్లో వేసుకోవద్దు. అవి వేరే గాఢతలో, వేరే పనికి తయారైనవి. కంటి చుక్కలు కూడా గుండె జబ్బు, బీపీ, గ్లకోమా లాంటివి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇలా వాలిన రెప్ప చాలావరకు కొన్ని వారాల్లో తేరుకుంటుంది.

ఇక నెట్‌లో కనిపించే చిట్కాలు. వేడి నీళ్ల కాపడం, నుదుటి మసాజ్, కరెంటు పరికరాలు. మందు ఇప్పటికే నరం కొస లోపల ఉంది, అక్కడ ప్రొటీన్‌ను తెంచేసింది. బయటి నుంచి రుద్దితే అది బయటికి రాదు. రుద్దడం వల్ల మొదటి గంటల్లో అయితే ఉన్నచోటు నుంచి పక్కకు పాకే ప్రమాదమే ఎక్కువ. ‘కరిగించే ఇంజెక్షన్ ఉందటగా’ అని అడిగేవాళ్లు రెండు మందులను కలిపేస్తున్నారు. హయాలురోనిడేస్ అనేది చర్మం కింద నింపే హయాలురోనిక్ ఆమ్లం ఫిల్లర్లను కరిగిస్తుంది. బొటాక్స్ మీద దానికి పని లేదు. ఇదే విషం ఒంట్లోకి చేరితే వచ్చే బొటులిజం జబ్బుకి వాడే యాంటీటాక్సిన్ (విరుగుడు) ఉంది గానీ, అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోవడానికి. నరంలోకి వెళ్లిపోయినదాన్ని వెనక్కి తేలేదు, అందం కోసం ఎవరూ దాన్ని వాడరు.

ఈలోపు పెన్సిల్‌తో దిద్దుకోవచ్చు, నుదుటి మీదికి జుట్టు దించుకోవచ్చు, మందపాటి ఫ్రేమ్ కళ్లజోడు పెట్టుకోవచ్చు. కానీ మైక్రోబ్లేడింగ్ చేయించి కొత్త కనుబొమ్మ గీయించుకోవాలనే ఆలోచన వస్తే మూడు నాలుగు నెలలు పక్కన పెట్టండి. వంకరగా ఉన్నప్పుడు సమానంగా గీస్తే, మందు దిగిపోయాక గీసినదే వంకరగా మిగులుతుంది. అది ఏడాదికి పైగా ఉంటుంది.

బొటాక్స్ మీద తోసేయకూడనివి

నుదుటికి వేసిన మందు మూతిని వంకర చేయదు. కనుబొమ్మతో పాటు అదే వైపు నోటి మూల జారినా, మాట తడబడినా, చేయి బలహీనమైనా అది పక్షవాతం కావచ్చు, మొహం నరం జబ్బు కావచ్చు. క్లినిక్ రివ్యూ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెప్ప వాలడంతో పాటు రెండు కనుపాపలు వేర్వేరు సైజుల్లో ఉన్నా అంతే. మింగడం కష్టమవడం, ఊపిరి ఆడకపోవడం, గొంతు మారడం, ఒంట్లో నీరసం లాంటివి మందు దూరంగా పాకిందనే సూచనలు కావచ్చు. అరుదే గానీ, ఈ హెచ్చరికను ఎఫ్‌డీఏ 2009 నుంచి ఈ మందులన్నిటి లేబుల్ మీదా పెట్టించింది. మయస్తీనియా గ్రేవిస్ లాంటి నరాల, కండరాల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ముందే చెప్పాలి.

చవగ్గా దొరుకుతోందని పార్లర్‌లోనో, ఎవరి ఇంట్లోనో జరిగే పార్టీలోనో వేయించుకుంటే వంకర కన్నా పెద్ద సమస్యలు రావచ్చు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో నకిలీ బొటాక్స్ గురించి ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చాలా రాష్ట్రాల్లో కొందరు ఆస్పత్రి పాలయ్యారు కూడా. అక్కడున్న మనవాళ్లకైనా, హైదరాబాదు విజయవాడల్లో వేయించుకునేవాళ్లకైనా అడగాల్సింది ఒకటే. సీసా మీ ముందు తెరవమనండి, బ్రాండ్, లాట్ నంబరు రాయించుకోండి. ఇది అనుమానించడం కాదు. మందుల షాపులో మాత్రల గడువు తేదీ చూసుకున్నంత మామూలు పని.

పెళ్లిళ్ల సీజన్‌లో అడిగే ప్రశ్న కూడా ఉంది: ముహూర్తానికి ఎన్ని రోజుల ముందు చేయించుకోవాలి? ముందు వేయించుకున్న అనుభవం ఉంటే నెల ముందు. రెండు వారాలు పట్టడానికి, ఆ తర్వాత సవరణ అవసరమైతే అది పట్టడానికి ఇంకో వారం పది రోజులు. మొదటిసారి అయితే పెళ్లిని ప్రయోగానికి వాడొద్దు. నాలుగైదు నెలల ముందు ఒకసారి వేయించుకుని, మీ మొహం ఎలా తీసుకుంటుందో చూసి, మళ్లీ పెళ్లికి ప్లాన్ చేసుకోవాలి. బాసికం కట్టాక నుదుటి గీతలు ఎవరికీ కనిపించవు. దాని కిందే ఉన్న కనుబొమ్మలు మాత్రం జీలకర్ర బెల్లం క్లోజప్‌లో స్పష్టంగా పడతాయి.

చిన్న సవరణలకు కూడా హద్దుంది. రెండు వారాల దగ్గర ఒక టచప్ మామూలే. అది అయ్యాక ఇంకా నచ్చలేదని ప్రతి వారం అర యూనిట్ చొప్పున వేయిస్తూ పోతే, ఏ మోతాదు ఏం చేసిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. మందును శరీరం గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకునే అవకాశమూ పెరుగుతుంది. పూర్తి మోతాదు మళ్లీ వేయడానికి కనీసం మూడు నెలల ఎడం ఉండాలని లేబుల్ చెబుతోంది.

ఆ మూడు నెలలూ వృథా కాదు, ఒక పని చేసి పెట్టుకుంటే. ప్రతి రెండు వారాలకొకసారి అదే కిటికీ దగ్గర ఆ నాలుగు ఫొటోలు తీసి దాచండి. ఏ వైపు కదలిక ముందు తిరిగొచ్చిందో వాటిలో తెలుస్తుంది. సాధారణంగా అదే బలమైన వైపు. తర్వాతిసారి డాక్టరుకు ఆ ఫొటోలు, పోయినసారి ఎక్కడెక్కడ ఎన్ని యూనిట్లు వేశారో రాసిన చీటీ చూపించండి. పోయినసారి కొస లేచిన చోట ఈసారి మొదటి రోజే ఒక యూనిట్ పడాలి, దిగిన వైపున మోతాదు తగ్గాలి, సూది ఇంకాస్త పైకి జరగాలి. కుడికి రెండు, ఎడమకు ఒకటి అని వేర్వేరుగా రాస్తే ఆశ్చర్యపోకండి. అలా రాయకుండా మళ్లీ అవే చుక్కలు, అదే మోతాదు అంటే కారణం అడగండి.